ఎక్కడ పడ్డారు?

షార్జాలో, రోల్లా వెనక సందులో
మా క్లినిక్ ఎక్స్‌రే గదికి కిటికీ లేదు.
చలికాలం సెలవులు అయిన వారానికి
మణికట్లు వస్తాయి, మోకాళ్ళు వస్తాయి,
ఒక్కోసారి చేతి బొటనవేలు ఒక్కటే,
పడుతూ కూడా కర్ర వదలనందుకు.

చెయ్యి కదపకండి అంటూ
పనిలో పనిగా అడిగేదాన్ని: ఎక్కడ పడ్డారు?
జార్జియాలో అనేవాళ్ళే ఎక్కువ.
టికెట్ చవక, వీసా గొడవ లేదు.
లెబనాన్ అన్నాడొక పెద్దాయన,
ఆ పేరు పలికేటప్పుడు కళ్ళు మూసుకుని.
ఎవరు నేర్పారు? అంటే మాత్రం
అందరిదీ ఒకటే మాట: మా ఫ్రెండ్.

ఆరేళ్ళు ఇలా విన్నాక
రిపోర్టు కవరు వెనక నాకోసం రాసుకున్నాను:
ఫ్రెండ్ వద్దు.
వాలు ఎంత పొడుగని కాదు,
కింద చదును ఎంతుందని అడగాలి.
పెద్దవాళ్ళని పిల్లల గుంపులో కలపకూడదు.
పైకి తీసుకెళ్ళే కుర్చీ ఇప్పుడే వద్దు.
వయసు నలభై మూడు, అని రాసి
కొట్టేసి, మళ్ళీ రాశాను.

జార్జియా అంటే నెలన్నర జీతం.
బస్సెక్కితే గంటంబావులో
దుబాయ్‌లో ఒక మాల్ లోపలే మంచు.
"ఫ్రిజ్‌లో జారడానికి డబ్బులు కడతావా?" అంది
నా గదిలో ఉండే మేరీ సులోచన, చేపలు తోముతూ.
నిజమే, ఫ్రిజ్జే.
మంచూ చేపా రెండూ ఇక్కడికి
ఫ్రిజ్‌లోంచే కదా వచ్చేది.

జులై. బయట నలభై ఆరు.
అద్దె కోటులో ఇంకెవరిదో అత్తరు.
బూటులో కాలు దూర్చగానే తెలిసింది,
పిండికట్టు వేసుకున్నవాళ్ళు
నన్నెందుకలా చూస్తారో.

మా గుంపులో నలుగురం.
సూడాన్ లెక్కల మాస్టారు,
కొత్తగా పెళ్ళైన పాకిస్తానీ జంట, ఒకరి గ్లవ్ ఒకరు వదలరు.
నేర్పేది దావా, నేపాలీ కుర్రాడు.
పుట్టింది కొండల్లోనే గానీ
జారడం నేర్చుకుంది ఈ మాల్‌లోనేనట.

మొదటి పాఠం పడటం.
ముందుకి కాదు, వెనక్కి కాదు, పక్కకి,
అలిసిపోయి అరుగు మీద చతికిలబడ్డట్టు.
చేతులు ఆనించొద్దు.
తెలుసు నాయనా,
ఆనించినవాళ్ళంతా నా దగ్గరికే వస్తారు.
పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారని
మా భాషలో సామెతుందని హిందీలో చెప్పాను.
"అయితే ఇంకోసారి పడండి మేడం" అన్నాడు.

రెండోది ఆగడం.
పిల్లలకి పిజ్జా అంటాడట, మాకు సమోసా అన్నాడు:
వేళ్ళు దగ్గరికి, మడమలు దూరంగా.
మాస్టారి సమోసా మధ్యలో విడిపోయింది.
ఆయన నెమ్మదిగా, ఎంతో మర్యాదగా,
దారిపొడుగునా సారీ చెప్పుకుంటూ
వలలోకి వెళ్ళిపోయారు.

నా వంతు.
ఇన్నేళ్ళూ నేను చూసిన తెలుపంతా ఎముకే,
నల్లటి ఫిల్ము మీద, కదలకుండా.
ఈ తెలుపు కాళ్ళ కింద కదిలింది.
పన్నెండు అడుగులో, పదిహేనో.
నా మోకాళ్ళు, లోపలి చిప్పలతో సహా
నాకే కనిపించాయి.
మడమలు విప్పాను.

ఆగాను.

ఎవరూ చూడలేదు. పాకిస్తానీ అమ్మాయి
సరిగ్గా అప్పుడే పడింది,
వాళ్ళాయన గ్లవ్ మాత్రం వదల్లేదు.
నేను అక్కడే కాసేపు నిలబడ్డాను.
ఆ చోటు ఏ గుర్తూ లేని మంచు,
నేను ఆపుకున్న చోటు.

బయటికి రాగానే కళ్ళద్దాలు మసకేశాయి.
బస్సులో కవరు తీసి
జార్జియా అన్న మాట కొట్టేయబోయి
పక్కన చిన్నగా రాశాను: చదును ఎంత?

సోమవారం ఒకాయన వచ్చాడు, ఎడమ మణికట్టు.
ఎక్కడ పడ్డారు?
"బాత్రూంలో" అన్నాడు, చూపు నేలకేసి.
చెయ్యి కదపకండి అని,
పక్కకి పడాలండీ, అన్నాను.